గద్వాల చీరల పెట్టెలో ముక్క వాసన

ప్రశ్న: మాది ధరూర్. అమ్మ ఇచ్చిన గద్వాల చీరలు టేకు పెట్టెలో దాచాను. వానాకాలం వస్తే ముక్క వాసన, తెల్ల మచ్చలు. జరీ కూడా నల్లబడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, గద్వాల చీర ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు. రెండూ గాలిలోని చెమ్మను పీలుస్తాయి. మూసిన పెట్టెలో తేమ 65 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే బూజు పడుతుంది. మీ చీరల మీది మచ్చలు బహుశా బూజే. జరీలో వెండి ఉంటే గాలిలోని గంధకం వల్ల నల్లబడుతుంది, తేమ దాన్ని తొందరపెడుతుంది.

ముందు పెట్టెలో చిన్న తేమ మీటరు పెట్టండి. చవక మీటర్లను గుడ్డిగా నమ్మకండి. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా తడిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రోజు ఉంచండి. 75 చూపాలి. 70 చూపితే ఎప్పుడూ 5 కలుపుకోండి. చీరలకు 45–55 శాతం చాలు.

తేమ ఎక్కువుంటే సిలికా జెల్ పొట్లాలు వేయండి, రంగు మారితే మార్చండి. పెట్టెను గోడకు దూరంగా జరిపి ఎత్తు మీద ఉంచండి. ప్లాస్టిక్ కవర్లు తీసేసి, ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టండి. పొడి రోజున నీడలో ఆరబెట్టి, మడతలు మార్చండి. కలరా ఉండలు జరీకి తగలనీయకండి.

బూజును మెత్తటి కుంచెతో ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని దులపండి. మచ్చ పోకపోయినా, పోగులు చిట్లుతున్నా ఇంట్లో ఉతకొద్దు. గద్వాలలో అనుభవమున్న నేతన్నకు గానీ, పట్టుచీరలు చేసే డ్రైక్లీనింగ్ వారికి గానీ చూపించండి.