పరపతి సంఘంలో దాచిన సొమ్ముకు బ్యాంకు రక్షణ ఉంటుందా?

పొదుపు పరపతి సహకార సంఘం సభ్యుల సొత్తు. వాటా ధనం కట్టి చేరినవారే దానికి యజమానులు, వారే ఖాతాదారులు. ఎన్ని వాటాలున్నా సభ్యునికి ఒకటే ఓటు. సభ్యులు దాచుకున్న డబ్బునే సంఘం సభ్యులకు అప్పుగా ఇస్తుంది. విదేశాల్లోని క్రెడిట్ యూనియన్లదీ ఇదే పద్ధతి. వాణిజ్య బ్యాంకులో ఖాతా ఉన్నంత మాత్రాన యాజమాన్యంలో భాగం రాదు. అక్కడ వాటాదారులు వేరు, డిపాజిటుదారులు వేరు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సంఘాలు 1964 నాటి సహకార సంఘాల చట్టం కిందో, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందో రిజిస్టరవుతాయి. ఒకటికి మించిన రాష్ట్రాల్లో పనిచేసే సంఘాలకు 2002 నాటి కేంద్ర చట్టం వర్తిస్తుంది. డిపాజిట్ రసీదుపై ‘రిజి. నం.’ అని కనిపించేది ఈ నమోదు సంఖ్యే. అది రిజర్వు బ్యాంకు లైసెన్సు కాదు. లైసెన్సు లేని సంఘం పేరులో ‘బ్యాంకు’ అని రాసుకోకూడదు, సభ్యులు కానివారి నుంచి డిపాజిట్లు తీసుకోకూడదు.

అసలు తేడా సంస్థ దివాలా తీసినప్పుడు తెలుస్తుంది. లైసెన్సు పొందిన వాణిజ్య, సహకార బ్యాంకుల్లో ఒక్కో డిపాజిటుదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా సంస్థ డీఐసీజీసీ ఇచ్చే బీమా ఉంటుంది. ఒకే బ్యాంకులో ఎన్ని శాఖల్లో దాచినా పరిమితి అంతే. పరపతి సంఘాలకు, గ్రామాల్లోని ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలకు ఈ బీమా లేదు. అమెరికాలో ప్రభుత్వ బీమా ఉన్న క్రెడిట్ యూనియన్లలో 2,50,000 డాలర్ల వరకు రక్షణ దొరుకుతుంది. పేరు చూసి అదే భరోసా ఇక్కడా ఉందనుకోవడం ప్రమాదం.

బ్యాంకుపై ఫిర్యాదును ముందు ఆ బ్యాంకుకే రాసివ్వాలి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. పరపతి సంఘాలు ఆ అంబుడ్స్‌మన్ పరిధిలోకి రావు. సంఘంతో వివాదానికి బైలాల్లో చెప్పిన మార్గం, సహకార శాఖ, సహకార ట్రిబ్యునల్ ఉన్నాయి. గడువు తీరినా డిపాజిట్ తిరిగివ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. సహకార చట్టంలో వేరే మార్గం ఉన్నంత మాత్రాన సభ్యునికి ఆ హక్కు పోదని తిరుమురుగన్ సహకార వ్యవసాయ పరపతి సంఘం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫిర్యాదుకు కారణం తలెత్తిన రెండేళ్లలోపే కేసు వేయాలి. అక్రమంగా డిపాజిట్లు సేకరించేవారిపై రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

కాబట్టి సొమ్ము కట్టేముందే ఏ చట్టం కింద నమోదైందో చూడాలి, తాజా ఆడిట్ నివేదిక, బైలాలు అడగాలి. సభ్యత్వ రుజువు, పాస్‌బుక్, ప్రతి రసీదు దగ్గర ఉంచుకోవాలి. సర్వసభ్య సమావేశానికి వెళ్లి లెక్కలు అడగడం సభ్యుని హక్కు. బీమా లేనిచోట సొమ్ముకు మొదటి కాపలా కూడా అదే.