లేని రాజ్యాల రాజకీయ చరిత్ర

చరిత్ర తరగతిలో ఉన్న రాజ్యాలను గూర్చి చెప్పుకొంటాము. లేని రాజ్యానికి కూడా చరిత్ర ఉంటుందా అని విద్యార్థి ఎవరైనా ప్రశ్నింపవచ్చును. ఉంటుందనియే నా సమాధానము. ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు ఒకే వరండాలో నడిచే మన కళాశాలవంటి చోట అట్టి రాజ్యాలు రెండు మనకు సిద్ధంగా ఉన్నవి. ఒకటి హోష్‌రుబా, రెండవది మాహిష్మతి. మొదటిదాని పేరు ఉర్దూ విద్యార్థులు కొందరైనా పెద్దల నోట వినియుందురు. తెలుగు విద్యార్థులలో విన్నవారు అరుదు. రెండవదానిని ఎరుగనివారు మన ఊళ్లోనే కాదు, దేశంలోనే తక్కువ. రెండింటిలోను సింహాసనము తలక్రిందులవుతుంది. అది ఎవరిచేత, ఏ కారణమున తలక్రిందులయినదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా హోష్‌రుబా. ‘దాస్తానె అమీర్ హమ్జా’ అనే మహాకథాచక్రంలో ఇది ఒక భాగము. ఇస్లాం చరిత్రలోని హజ్రత్ హమ్జా పేరును ఆధారం చేసికొన్నను, కథ అంతయు కల్పనయే. ఈ దాస్తానులు ఉత్తరాదివని, మనకు వాటితో సంబంధం లేదని అనుకోవడం పొరపాటు. 17వ శతాబ్ది ఆరంభంలో హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ అనే కథకుడు హమ్జా కథల వ్రాతప్రతులు వెంటబెట్టుకొని హైదరాబాదు చేరినాడు. కుతుబ్‌షాహీ దర్బారులో వాటిని సమర్పింపగా సారాంశము సిద్ధపరచుమని ఆజ్ఞ అయినదట. ఆ విధంగా ‘జుబ్దతుర్రుమూజ్’ అనే పారశీక గ్రంథము ఏర్పడినది. అదే గోల్కొండ రాజ్యంలో 1635లో ముల్లా వజ్‌హీ దక్కనీలో ‘సబ్ రస్’ రచించెను. అందులో బుద్ధి ఒక రాజు, ప్రేమ మరొక రాజు; హృదయము రాకుమారుడు, సౌందర్యము రాకుమారి; చూపు గూఢచారి. శరీరమే ఒక నగరము. బుద్ధికి, ప్రేమకు యుద్ధము జరుగుతుంది. కల్పిత రాజ్యాల మధ్య యుద్ధమును వచనంలో చెప్పిన ఆ గ్రంథము మన గడ్డమీదనే పుట్టినదని మన విద్యార్థులు గర్వింపదగును.

హోష్‌రుబా మాత్రం అచ్చుయంత్రపు యుగంలో వెలసినది. లక్నోలో 1858లో స్థాపితమైన నవల్ కిశోర్ ముద్రణాలయము దీనిని 1883 నుండి 1893 వరకు ఏడు సంపుటాలుగా ప్రకటించినది. మొదటి నాలుగు ముహమ్మద్ హుసేన్ జాహ్ రచన. తక్కినవి అహ్మద్ హుసేన్ ఖమర్ రచన. అవధ్ రాజ్యాన్ని ఆంగ్లేయులు కలుపుకొన్నది 1856లో; మరుసటి ఏడే తిరుగుబాటు, దాని అణచివేత. నవాబును పోగొట్టుకొన్న నగరంలో, ఆ దర్బారు వైభవము ఇంకను ముసలివారి జ్ఞాపకంలో ఉన్న రోజులలో, ఈ కథ అచ్చుకు ఎక్కినదన్న సంగతి మరువరాదు.

ఆ రాజ్యపు రాజ్యాంగము విచిత్రమైనది. హోష్‌రుబా ఒక ‘తిలిస్మ్’, అనగా మాంత్రికులు తమ శక్తిచేత కట్టుకొన్న లోకము. అందు మూడు మండలాలు: కనబడునది, మరుగున ఉన్నది, చీకటిది. చక్రవర్తి అఫ్రాసియాబ్. ఆయనకు తెలియని మంత్రము లేదు. అయితే తిలిస్మ్ అన్నదానికి ఒక నియమమున్నది. దానిని కట్టిననాడే దాని అంతమును, దానిని భేదించువాని పేరును నిర్ణయించి ఉంచుతారు. అనగా ఎంత బలవంతుడైన చక్రవర్తి అయినను గడువు గల రాజ్యాన్నే ఏలుచున్నాడు. హోష్‌రుబాను భేదింపవలసినవాడు అమీర్ హమ్జా మనుమడు అసద్. ఇది కథాచమత్కారమే అని కొట్టివేయవచ్చును. గడువు తీరిన దర్బారును కళ్లారా చూచిన నగరపు పాఠకులు దీనిని కేవలము చమత్కారముగా చదివి ఉంటారని నాకు తోచదు.

గడువు వ్రాసియున్నంత మాత్రాన రాజ్యము తనంతట తాను కూలదు. ఇక్కడనే కథ రాజకీయంగా పదునెక్కుతుంది. అఫ్రాసియాబ్ కొలువులోనివారే ఒక్కొక్కరు పక్షము మారుతారు. మహ్రుఖ్ తిరుగుబాటుదారులలో కలుస్తుంది. పట్టపురాణి హైరత్ చెల్లెలు బహార్ సైతము చక్రవర్తిని వదలివేస్తుంది. చక్రవర్తి కొలువు తరుగుచున్నకొలదీ ఎదుటి శిబిరము పెరుగుతుంది. ఈ శిబిరానికి ప్రాణము అమర్ అయ్యార్. ఇతడు రాకుమారుడు కాడు, ఒంటెలు తోలేవాని కొడుకు. మంత్రము రాదు. వేషము మార్చుట, మత్తుమందు పెట్టుట, మాటలతో బోల్తా కొట్టించుట, ఎంత వేసినా నిండని ఒక సంచి – ఇవే అతని ఆయుధాలు. ధనాశ కూడ ఎక్కువే. మహామాంత్రికులు ఇతని చేతిలో మోసపోయి గుండు గీయించుకొన్న ఘట్టాలు చదివితే నవ్వు ఆగదు. జయము పొందిన పేరు అసద్‌ది. పని చేసినవాడు అమర్.

తెలుగు వైపు వద్దాము. 1951లో కె.వి. రెడ్డి దర్శకత్వాన ‘పాతాళభైరవి’ చిత్రము విడుదల అయినది. అందులో తోటరాముడు తోటమాలి కొడుకు. రాకుమారిని కోరినందుకు, తనతో సమానమైన సంపద తెమ్మని రాజు షరతు పెడతాడు. రాజకుటుంబంలో చేరుటకు తోటమాలి కొడుకునకు పాతాళంలోని శక్తి కావలసి వచ్చినది. ఆ చిత్రము ఆడుచున్న రోజులలోనే దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చినవి. తోటమాలికిని ఒక ఓటు, రాజుకును ఒక ఓటు. రెండు సంఘటనలు ఒకే కాలానివని తలచినపుడెల్ల నాకు ఆశ్చర్యమే.

ఎస్.ఎస్. రాజమౌళి చిత్రించిన ‘బాహుబలి’ మొదటి భాగము 2015లో, రెండవది 2017లో వచ్చినవి, కథ విజయేంద్రప్రసాద్‌ది. మాహిష్మతి అన్న పేరు పురాణాలలో ఉన్నది, కార్తవీర్యుని రాజధాని నర్మదాతీరమున అని. చిత్రంలోని మాహిష్మతికి ఆ పేరు తప్ప వేరు సంబంధము లేదు. ఆ రాజ్యంలో యాభై ఏండ్లలో జరిగిన మార్పులు వరుసగా చూడండి. అవిటి చేయి వల్ల తనకు సింహాసనము దక్కలేదని బిజ్జలదేవుని ఆక్రోశము. రాజు మరణించగా శివగామి పాలన. కాలకేయులతో యుద్ధానంతరము ఆమె అమరేంద్రుని రాజుగా నిర్ణయిస్తుంది. దేవసేన విషయంలో తన మాట కాదన్నాడని ఆ నిర్ణయాన్ని తిప్పి భల్లాలదేవునికి పట్టము కట్టిస్తుంది. అమరేంద్రుని హత్య తరువాత పసివాడైన మహేంద్రుని రాజుగా ప్రకటిస్తుంది. మూడు నిర్ణయాలును ఒక్క నోటినుండే. రాజ్యాంగమంతయు ఒక తల్లి నాలుకపై ఉన్నది. ఆమె కోపము రాజ్యసంక్షోభము, ఆమె పశ్చాత్తాపము మరొక సంక్షోభము. శివగామి పాత్రలోని గాంభీర్యాన్ని మెచ్చుకొంటూనే, ఇట్టి ఏర్పాటు ఎంత ప్రమాదకరమో రాజనీతి విద్యార్థి గుర్తింపవలెను.

మరి ప్రజలు? భల్లాలుని పట్టాభిషేకమునాడు వారు బాహుబలి పేరు చెప్పి దిక్కులు పిక్కటిల్లునట్లు కేకలు వేస్తారు. విగ్రహమును నిలబెట్టుటకు త్రాళ్లు లాగుచున్న కూలీలు కూడ ఆ పేరే తలుస్తారు. మాహిష్మతి ప్రజల రాజకీయ హక్కు ఇంతటితో సరి: ఒక పేరు ఉచ్చరించుట. హోష్‌రుబాలో ఒంటెవాని కొడుకు చరిత్రను నడిపినాడు. నూటముప్పై ఏండ్ల తరువాతి మాహిష్మతిలో వారసుడు వచ్చువరకు దేవసేన ఇరువదియైదేండ్లు గొలుసులతో పుల్లలు ఏరుకొన్నది, ప్రజలు ఎదురుచూచినారు. తరువాత వచ్చినది కనుక మాహిష్మతి కథ ముందడుగు వేసినదని చెప్పలేము.

కట్టప్ప సంగతి మరింత బాధాకరము. పూర్వులు ఇచ్చిన మాటకు కట్టుబడి సింహాసనమునకు బానిస అయినవాడు. అస్లంఖాన్ అనే విదేశీ వర్తకుడు విడిపించెదనన్నను అంగీకరింపడు. యజమానులు మారుచున్నారు, బానిసత్వము మారుటలేదు. తాతలు చేసిన వాగ్దానము మనుమలకు చెల్లదని ఆ రాజ్యంలో ఏ రాజూ శాసనము చేయలేదు. మన ప్రాంతంలో దీనిని ‘వెట్టి’ అన్నారు. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరిని రద్దుచేస్తూ చట్టము చేసినది. చట్టము ఉన్నను ఊళ్లలో అది పోలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా కదలినారు. మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినది. ఆ కూలీలకు వారసుడు ఎవరూ లేడు, పేరున్న తిలిస్మ్ ఏదీ లేదు.

కల్పిత రాజ్యాలకు, నిజమైన వాటికి గల మరొక భేదము కూడ ఈ నేల చరిత్రవల్లనే తెలియును. భల్లాలదేవుడు చితిమంటలలో కాలిపోయినాడు, కథ ముగిసినది. 1948 సెప్టెంబరు 17న నిజాం ప్రభుత్వము లొంగిపోయినది. నిజాం మాత్రము 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 వరకు అదే హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉండెను. జాగీర్ల రద్దు 1949లో, కౌలుదారీ చట్టము 1950లో వచ్చినవి. మెట్‌పల్లి కదలలేదు, చిరునామా మాత్రం కదలుచునే వచ్చినది: ఎలగందుల జిల్లా 1905లో కరీంనగర్ జిల్లా అయినది, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ, 2016లో జగిత్యాల జిల్లా. ఇన్ని మారినను, పొలము తగవు వచ్చినపుడు రైతు ఈనాటికిని నిజాం కాలపు సేత్వారు నకలు చేతబట్టుకొని, అందులోని ఉర్దూ చదివి చెప్పగలవారికొరకు వెదకుచున్నాడు. తాత పేరు అందులో ఉన్నదో లేదో తెలిసికొనుటకు తెలుగు రైతు ఉర్దూ తెలిసిన పొరుగువాని గడప ఎక్కవలెను. హోష్‌రుబాలో గాని, మాహిష్మతిలో గాని భూమి పన్ను ఎవరు కట్టినారో, ఆ లెక్కలు ఏ భాషలో వ్రాసినారో ఎక్కడను చెప్పలేదు. రానున్న సెలవులలో మన విద్యార్థులు ఇద్దరేసి జట్టుగా, ఒకరు ఉర్దూ తెలిసినవారు, ఒకరు తెలుగు తెలిసినవారు, తమ ఇళ్లలోని అట్టి పాత కాగితమొక్కటి చదివి, రెండు భాషలలో నకలు వ్రాసి తెచ్చినచో వచ్చే సంచికకు మంచి వ్యాసాలు కాగలవు.