అంగడి బాడుగ వెనక ఒక బిల్లు ఉంటుంది: రాష్ట్ర చట్టాలను ఫాలో అవ్వడం ఎలా?

మన బ్యాచ్‌లో చాలామంది ఇళ్లలో ఏదో ఒక అంగడి ఉంది. లేదంటే బాడుగకిచ్చిన రెండు గదులు, రేణిగుంట రోడ్డు వైపు కొన్న ఒక ప్లాటు ఉంటాయి. కొత్త చట్టం గురించి ఇంట్లో మాట వస్తే నాన్నావాళ్లు అడిగేది ఒకటే: "అదంతా సరే నాయనా, మన కాగితాలు చెల్తాయా లేదా, అది చెప్పు." ఈ ప్రశ్నకి జవాబు వెతకడం వార్త చదివినంత సులభం కాదు. "బిల్లు పాసైంది" అన్న హెడ్‌లైన్‌కీ, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రూలు మారడానికీ మధ్య చాలా మెట్లున్నాయి.

ముందు చిన్న ఉదాహరణ. 2020 నవంబరులో మన రాష్ట్రం మున్సిపల్ చట్టాలను సవరించి ఆస్తి పన్ను లెక్కనే మార్చేసింది. అంతకుముందు ఏటా ఎంత బాడుగ వస్తుందన్న అంచనా మీద పన్ను వేసేవాళ్లు. ఇప్పుడు ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఇళ్లకి 0.10 నుంచి 0.50 శాతం, వ్యాపార కట్టడాలకి 0.20 నుంచి 2 శాతం. చట్టం ఇచ్చింది ఈ హద్దులే, అసలు రేటు ఆ హద్దుల మధ్య తేలుతుంది. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని కూడా పెట్టారు. అసలు కిటుకు ఇంకొకటుంది. ఈ మూలధన విలువకి ఆధారం రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువలు. 2025 ఫిబ్రవరి 1న ఆ విలువలు సవరించినప్పుడు అందరూ స్టాంపు డ్యూటీ గురించే మాట్లాడుకున్నారు. కానీ ఒక శాఖ టేబుల్‌లో అంకె మారితే ఇంకో శాఖ బిల్లు కదిలే ఏర్పాటు 2020లోనే జరిగిపోయింది. మన భాషలో చెప్పాలంటే ఇది డిపెండెన్సీ. అంగడి ఓనరు ఆ పెంపును బాడుగలో కలుపుతాడు, అది కట్టేది టీకొట్టాయన.

ఇక పెద్ద కేసు, భూ హక్కుల చట్టం. అదే ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్. చట్టం దశలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

మన దగ్గర రిజిస్ట్రేషన్ అంటే దస్తావేజు నమోదే తప్ప హక్కుకి గ్యారంటీ కాదు. అందుకే కొనేముందు ఈసీ తీస్తాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపిస్తాం. ప్రభుత్వమే హక్కుని ఖరారు చేసే రిజిస్టరు పెడితే బాగుంటుందన్నది ఈ చట్టం ఆలోచన. నీతి ఆయోగ్ కూడా ఇలాంటి నమూనా చట్టం తయారుచేసింది. శాసనసభ మొదటిసారి 2019లో ఆమోదించింది. కేంద్రం అభ్యంతరాలతో అది వెనక్కొచ్చింది, మార్పులు చేసి మళ్లీ ఆమోదించారు. భూమి రాష్ట్రాల జాబితాలో ఉన్నా, వ్యవసాయేతర ఆస్తి బదిలీ, దస్తావేజుల రిజిస్ట్రేషన్ ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కేంద్ర చట్టంతో తగువు రాకుండా ఉండాలంటే 254(2) అధికరణ ప్రకారం రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది 2023లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 31 నుంచి చట్టం అమల్లోకి వచ్చినట్టు ప్రకటించారు.

అప్పుడు మొదలైంది గొడవ. రిజిస్టరులో ఎక్కిన పేరుని రెండేళ్లలోపు ఎవరూ ప్రశ్నించకపోతే అదే తిరుగులేని హక్కు. తగువుంటే సివిల్ కోర్టు కాదు, టైటిల్ అధికారి, ఆపైన అప్పిలేట్ అధికారి, చివరికి హైకోర్టు. లాయర్లు రాష్ట్రమంతా విధులు బహిష్కరించారు. రీసర్వే పూర్తయ్యేదాకా అమలు చేయమని అప్పటి ప్రభుత్వం చెప్పింది. అంటే చట్టం పుస్తకంలో అమల్లో ఉంది, ఆఫీసులో లేదు! నా దృష్టిలో జనం భయానికి సగం కారణం ఈ ఖాళీయే. ఎన్నికలయ్యాక కొత్త ముఖ్యమంత్రి సంతకం పెట్టిన తొలి ఫైళ్లలో దీని రద్దు ఒకటి. 2024 జూలైలో శాసనసభ రద్దు బిల్లు ఆమోదించింది.

కాబట్టి ఏ వార్త చూసినా అది ఏ మెట్టు మీద ఉందో అడగండి. కేబినెట్ ఆమోదమా, సభలో పెట్టిన బిల్లా, గవర్నరు సంతకమా, గెజిటా, అమలు తేదీ ప్రకటించారా, రూల్స్ వచ్చాయా? చివరి రెండూ పేపర్లో పెద్దగా రావు, జీవోల్లో వస్తాయి. జీవో నంబరు ముందు 'ఎంఎస్' అని ఉంటే సాధారణంగా విధాన నిర్ణయం, 'ఆర్‌టీ' అంటే రొటీన్. 2021 ఆగస్టులో జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టే పాత పద్ధతి ఆపేశారు, 2024 ఆగస్టు చివర్లో మళ్లీ మొదలుపెట్టారు. మధ్య మూడేళ్ల జీవో కావాలంటే ఈ-గెజిట్ కూడా వెతకాలి.

తిరుపతి వాళ్లకి ప్రత్యేకంగా ఒక సెక్షన్: రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ. 2007లో రాష్ట్రం తెచ్చిన సవరణ ఇది. ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు లాంటివాటిని రిజిస్టర్ చేయకూడదని జాబితాలు సబ్‌రిజిస్ట్రార్లకి వెళ్తాయి. మన ఊరు దేవస్థానం, మఠాల భూముల మధ్యే పెరిగింది. హథీరాంజీ మఠం 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ నిర్వహణే చూసింది. పైగా చిత్తూరు వైపు డీకేటీ పట్టాలు ఎక్కువ. 1977 చట్టం ప్రకారం అవి అమ్మకూడదు. 2023 సవరణలో ఇరవయ్యేళ్లు దాటినవాటికి దారి ఇచ్చారు, తర్వాతి ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లను ఆపి విచారణ పెట్టింది. చట్టం మారకుండానే పని ఆగిపోయింది, గమనించండి.

ఒక సర్వే నంబరులో రెండెకరాలు మఠానివైతే కొన్నిసార్లు నంబరంతా జాబితాలో పడుతుంది. పక్కన పాతికేళ్లుగా హోటలు నడుపుతున్న మనిషి బ్యాంకుకి తనఖా పెట్టబోయినప్పుడు బయటపడుతుంది. 2015లో హైదరాబాదు హైకోర్టు ఫుల్ బెంచ్ ఇలాంటి జాబితాలు ఎలా పంపాలో మార్గదర్శకాలిచ్చింది. సెక్షన్‌లోని 'ఇ' క్లాజు కింద నిషేధించాలంటే గెజిట్ నోటిఫికేషన్ తప్పనిసరి అంది. అందుకే మీ నంబరు జాబితాలో కనబడితే మొదట అడగాల్సింది, ఏ క్లాజు కింద పెట్టారు అని. 'సి' అంటే దేవాదాయ శాఖ రికార్డు చూడాలి. 'ఇ' అంటే గెజిట్ కాపీ అడగాలి. ఈ వారం ఇంటికెళ్లినప్పుడు అంగడి సర్వే నంబరు రాసుకొని, రిజిస్ట్రేషన్ శాఖ సైటులో నిషేధిత ఆస్తుల జాబితా తెరిచి చూడండి. రెండు నిమిషాల పని, సర్వర్ పనిచేస్తే.