స్వాహిలి నడిచిన దారి, డచ్ ఆగిన రేవులు

చిరంజీవి బుజ్జమ్మకు తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పటం చూశాను. స్వాహిలి దేశాలకు ఆకుపచ్చ, డచ్ దేశాలకు నారింజ రంగు వేసి, రెండింటిలో ఏది పెద్ద భాష అని అడిగావు. దానికి ఒక్క అంకెతో జవాబు రాదమ్మా. డచ్ మాతృభాషగా ఉన్నవాళ్ళు రెండున్నర కోట్లకు దగ్గరగా ఉంటారు. వాళ్ళలో చాలామంది నెదర్లాండ్స్‌లోనూ, బెల్జియం ఉత్తరభాగమైన ఫ్లాండర్స్‌లోనూ ఉన్నారు. స్వాహిలి మాట్లాడేవాళ్ళు 20 కోట్లకు పైనే అని యునెస్కో చెబుతుంది. కానీ అందులో ఉగ్గుపాలతో ఆ భాష నేర్చినవాళ్ళు కొద్దిమందే. అందుకని రంగు పూసేముందు ప్రతి దేశం దగ్గరా ఆగి, ఇక్కడ ఈ భాషలో ఎవరు ఎవరితో మాట్లాడుకుంటారు అని అడుగు.

టాంజానియా సంగతి చూడు. అక్కడ నూటికి పైగా భాషలున్నాయి. విక్టోరియా సరస్సుకు దక్షిణాన ఉండే సుకుమా పిల్ల ఇంట్లో అమ్మతో సుకుమాలో మాట్లాడుతుంది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో లెక్కలు స్వాహిలిలో చేస్తుంది. హైస్కూలుకు వచ్చేసరికి పాఠాలు ఇంగ్లీషులోకి మారతాయి. పక్క జిల్లా మనిషితో బస్సులో మాట కలపాలన్నా, సంతలో బేరమాడాలన్నా మళ్ళీ స్వాహిలే. అది దేశంలోని పెద్ద తెగల్లో దేనికీ సొంత భాష కాదు. కాబట్టి దాన్ని నేర్చుకుంటే ఇంకొకరికి తలవంచినట్టు ఎవరికీ అనిపించలేదు. నైరేరే నడిపిన టాను పార్టీ 1954 జూలై 7న స్వాతంత్ర్య పోరాటానికి స్వాహిలినే ఆయుధంగా ఎంచుకుంది. ఆ రోజునే 2021లో యునెస్కో ప్రపంచ స్వాహిలి దినంగా నిర్ణయించింది. దేశాధ్యక్షుడై ఉండి కూడా నైరేరే షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్'ను స్వయంగా స్వాహిలిలోకి తెచ్చాడు. భాషను అంత ప్రేమగా చూసుకున్న నాయకులు అరుదు.

ఈ భాష పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా సముద్రతీరం. అరబ్బీ మాటలు ఎన్ని కలిసినా ఇది బంటూ కుటుంబపు భాషే. ఈశాన్య గాలితో అరేబియా నుంచి తెరచాప ఓడలు వచ్చేవి. గాలి తిరిగేదాకా వర్తకులు నెలల తరబడి మొంబాసా, జాంజిబార్ రేవుల్లోనే కాపురం ఉండేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఏనుగు దంతాల కోసం, బానిసల కోసం బిడారులు టబోరా మీదుగా టాంగన్యికా సరస్సు ఒడ్డున ఉన్న ఉజీజీ దాకా వెళ్ళాయి. దంతాలు మోసిన కూలీలు, దారిలో తిండిగింజలు అమ్మిన ఊళ్ళవాళ్ళు ఈ భాషను లోపలికి తీసుకెళ్ళారు. బానిస వ్యాపారపు క్రూరత్వం ఆ దారి పొడవునా ఉంది, అదీ నువ్వు తెలుసుకోవాలి. తెల్లవాళ్ళు వచ్చేటప్పటికే భాష అక్కడ ఉంది. జర్మన్లు, ఇంగ్లీషువాళ్ళు దాన్ని కచేరీల్లోకీ బడుల్లోకీ తీసుకున్నారు. 1928లో మొంబాసాలో జరిగిన సమావేశం జాంజిబార్ మాటతీరును ప్రమాణంగా ఎంచింది.

డచ్‌ది వేరే కథ. 1602లో పుట్టిన డచ్చివాళ్ళ ఈస్టిండియా కంపెనీకి కావలసింది సరుకు. భాష నేర్పే శ్రమ అది పెద్దగా పెట్టుకోలేదు. మన తీరంలోనే చూడు: మచిలీపట్నం, పాలకొల్లు, భీమిలి, కాకినాడ పక్కన జగన్నాథపురం. రెండు వందల ఏళ్ళపాటు బట్టల వ్యాపారం దుబాసీల నోటి మీదుగా నడిచింది. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, భాష మాత్రం ఊళ్ళలోకి దిగలేదు. ఇండోనేషియాలో ఇంకా ఎక్కువకాలం ఉన్నా, జనంతో పని మలయ్‌తోనే గడిపారు. డచ్ కొద్దిమంది చదువుకున్నవాళ్ళకే దక్కింది. 1928లో అక్కడి యువకులు తమ ఉమ్మడి భాషగా మలయ్‌నే ఎంచుకుని దానికి ఇండోనేషియన్ అని పేరు పెట్టుకున్నారు. అందుకే నీ పటంలో ఇండోనేషియాకు వేసిన నారింజ రంగు చెరిపెయ్యి.

దక్షిణాఫ్రికాలో డచ్ మారి మారి ఆఫ్రికాన్స్ అయింది. 1925లో దానికి అధికార భాష హోదా వచ్చింది. దాన్ని వేరే భాషగా లెక్కించి, పక్కన గీతలతో చూపించు. కరీబియన్ దీవులైన కురసావో, అరూబాల్లో డచ్ అధికార భాషే కానీ వీధిలో వినబడేది పాపియమెంతో అనే భాష.

నిజంగా డచ్ వేళ్ళూనిన దూరదేశం దక్షిణ అమెరికాలోని సురినామ్. 1873 నుంచి మన దేశపు భోజ్‌పురి, అవధీ ప్రాంతాల నుంచి సుమారు 34 వేలమంది ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్ళారు. తర్వాత జావా నుంచీ వచ్చారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి అంతకుముందు నుంచే ఉంది. వీళ్ళ ఇళ్ళల్లో వరుసగా సర్నామీ, జావనీస్, స్రానన్ భాషలున్నాయి. 1876లో నిర్బంధ విద్య పెట్టి పిల్లలందరికీ బళ్ళో డచ్ నేర్పారు. అది బలవంతమే. అయినా 1975లో స్వాతంత్ర్యం వచ్చాక ఇన్ని జాతుల మధ్య పనికొచ్చే భాషగా వాళ్ళు దాన్నే ఉంచుకున్నారు. 2004లో నెదర్లాండ్స్, ఫ్లాండర్స్‌లతో కలిసి డచ్ భాషా సంఘంలోనూ చేరారు. టాంజానియాలో స్వాహిలి చేసే పనినే సురినామ్‌లో డచ్ చేస్తోంది.

ఇక రెండు భాషలూ ఎదురుపడాల్సిన చోటు కాంగో. దాన్ని 1908 నుంచి 1960 దాకా ఏలినది బెల్జియం. ఆ దేశంలో ఎక్కువమంది ఇంటిభాష డచ్, కానీ పాలన సాగింది ఫ్రెంచిలో. సొంతగడ్డ మీదే డచ్‌కు చట్టాల్లో సమాన హోదా 1898 దాకా రాలేదు, అలాంటిది కాంగోకు ఎలా చేరుతుంది? కటంగా రాగి గనుల్లో ఊరూరి నుంచి వచ్చిన కార్మికులు ఒకరితో ఒకరు స్వాహిలిలో మాట్లాడుకున్నారు. ఇవాళ అక్కడి లుబుంబాషి నగర వీధుల్లో అదే వినబడుతుంది. కాంగో నాలుగు జాతీయ భాషల్లో అదొకటి. పడమర రాజధాని కిన్షాసా వైపు మాత్రం లింగాలా నడుస్తుంది, కనుక ఆకుపచ్చ రంగు తూర్పు సగానికే వెయ్యి.

ఒమన్‌లో కూడా ఒక చుక్క పెట్టు. 1964 విప్లవం తర్వాత జాంజిబార్ వదిలి వచ్చిన కుటుంబాలు మస్కట్‌లో ఇప్పటికీ ఇళ్ళల్లో స్వాహిలి మాట్లాడుకుంటాయి. పటం సరిదిద్దాక నాకు మళ్ళీ పంపు.

మీ తాతయ్య