జీపు ఇంజను మాటిమాటికీ ఎందుకు వేడెక్కుతుంది?

(సైన్సు శీర్షిక - 9వ తరగతి విద్యార్థిని)



ఈ నెల జీపు ఇంజను గురించి తెలుసుకుందాం. సెలవులకి ఊరెళ్ళాలన్నా, సంతకి పోవాలన్నా, డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా మనలో చాలామందికి జీపే దిక్కు. ఆ జీపు ఘాట్ రోడ్డు మీద ఆవిరి కక్కుతూ ఆగిపోవటం మనందరం చూసినదే. డ్రైవరు గెడ్డ నుంచి డబ్బాతో నీళ్ళు తెచ్చి పోస్తాడు. బండి కదులుతాది. రెండు మలుపులు దాటాక మళ్ళీ ఆగుతాది.

నీళ్ళు పోస్తే వేడి తగ్గుతుంది గాని జబ్బు పోదు. మనకి జ్వరం వస్తే ఒంటి మీద తడిగుడ్డ వేస్తారు. అంతటితో ఊరుకోరు కదా! ఆశా అక్క వేలి నుంచి రక్తపు చుక్క తీసి మలేరియానా కాదా అని చూస్తుంది. ఇంజను వేడి కూడా జ్వరం లాంటిదే. దాని వెనక ఏముందో కనిపెట్టాలి.

వేడి ఎలా పుడుతుంది? ఎలా పోతుంది?

ఇంజను లోపల సిలిండర్లలో డీజిలు మండుతుంది. ఆ శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే బండిని నడుపుతుంది. ఇంకో మూడో వంతు దాకా పొగగొట్టం నుంచి బయటికి పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని నీళ్ళు మొయ్యాలి.

సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరగటానికి దారులు ఉంటాయి. వాటర్ పంపు ఆ నీళ్ళని తిప్పుతుంది. వేడెక్కిన నీళ్ళు పై గొట్టం గుండా బండి ముందున్న రేడియేటర్‌లోకి వస్తాయి. రేడియేటర్ అంటే సన్నని గొట్టాలు, వాటి మధ్య పల్చని రేకులు. ఫ్యాను గాలి లాగుతుంది. చల్లబడిన నీళ్ళు కింది గొట్టం గుండా మళ్ళీ ఇంజనులోకి పోతాయి. మధ్యలో థర్మోస్టాట్ అనే చిన్న తలుపు ఉంటాది. దానిలో మైనం ఉంటుంది. ఇంజను చల్లగా ఉంటే తలుపు మూసి ఉంటుంది. సుమారు 80 నుంచి 90 డిగ్రీల దగ్గర మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది.

రేడియేటర్ మూత కూడా మామూలు మూత కాదు. మన వంటగదిలో కుక్కర్ లాగ లోపల ఒత్తిడి పట్టి ఉంచుతుంది. సముద్ర మట్టం దగ్గర నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి. ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తగ్గుతుంది. సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉన్న లంబసింగిలో 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మంచి మూత ఉంటే మాత్రం నీళ్ళు దాదాపు 120 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి. మూత రబ్బరు పాడైతే ముందే మరిగి పొంగిపోతాయి. అంటే చిన్న మూత వల్ల కూడా బండి ఆగిపోవచ్చు.

ఎప్పుడు వేడెక్కుతోంది?

కారణం తెలియాలంటే మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. "ఎప్పుడు" అన్నది తెలిస్తే "ఎందుకు" అన్నది సగం తెలిసినట్టే.

1. ఆగి ఉన్నప్పుడు, నెమ్మదిగా పోతున్నప్పుడు వేడెక్కి, వేగంగా పోతే తగ్గితే: ఫ్యాను మీద అనుమానం పెట్టుకోవాలి. వేగంగా పోతే గాలి దానంతట అదే తగులుతుంది. ఆగితే ఫ్యానే దిక్కు.

2. ఆగి ఉన్నప్పుడు బాగుండి, ఎత్తు ఎక్కుతుంటే వేడెక్కితే: రేడియేటర్ పూడిపోయి ఉండొచ్చు. బయట బురద, గడ్డి, పురుగులు పట్టుకుంటాయి. లోపల తుప్పు, ఉప్పు పేరుకుంటాయి. బోరు నీళ్ళు కాచిన గిన్నెకి తెల్లగా పట్టేది అలాంటిదే. ఎక్కువమందిని ఎక్కించినా ఇంజను ఎక్కువ డీజిలు కాల్చాలి, ఎక్కువ వేడి పుడుతుంది.

3. స్టార్టు చేసిన కాసేపటికే వేడెక్కితే: నీళ్ళు తక్కువ ఉన్నాయేమో చూడాలి. నీళ్ళు నిండుగా ఉండి, పై గొట్టం కాలుతూ కింది గొట్టం చల్లగా ఉంటే నీళ్ళు సరిగా తిరగటం లేదని అర్థం. థర్మోస్టాట్ తెరుచుకోలేదో, పంపు తిప్పటం లేదో, రేడియేటర్ లోపల పూడిందో చూడాలి.

4. పోసిన నీళ్ళు పోసినట్టే తగ్గిపోతుంటే: ఎక్కడో కారుతున్నాయి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉంచితే పొద్దున్న తడి మరక చోటు చూపిస్తుంది. గొట్టాలు, పంపు, రేడియేటర్ అన్నీ చూడాలి.

5. బయట చుక్క కారదు, కాని నీళ్ళు తగ్గుతున్నాయి, పొగగొట్టం నుంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తోంది, ఇంజను ఆయిలు పాలు కలిపిన టీ లాగ అయింది అంటే: హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. నీళ్ళు లోపలికే పోతున్నాయన్న మాట. ఇక బండి నడపకూడదు, మెకానిక్ దగ్గరికి లాక్కుపోవాలి.

ఒక్క బెల్టు వల్ల

మా పిన్నిని నొప్పులు వస్తుంటే జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎక్కే దారిలో బండి మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ నీళ్ళే పోశారు. డ్రైవరు ముందు ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. "అది బ్యాటరీ లైటులే" అనుకున్నారంట. పిన్ని, పాప క్షేమంగానే బయటపడ్డారు గాని చాలా ఆలస్యం అయింది. తరవాత మెకానిక్ చూసి ఫ్యాను బెల్టు వదులైపోయిందని చెప్పాడు.

పాత జీపుల్లో చాలావాటికి ఆ ఒక్క బెల్టే ఫ్యానునీ, వాటర్ పంపునీ, బ్యాటరీ ఛార్జింగునీ తిప్పుతుంది. బెల్టు జారితే మూడూ మందగిస్తాయి. ఛార్జింగు లైటూ వేడీ కలిసి వస్తే ముందు బెల్టే చూడాలి. బోల్టు వదులు చేసి, బెల్టు లాగి బిగిస్తే సరిపోయే పని అది. అరిగినా, చీలినా కొత్తది వెయ్యాలి. ఆ ఎర్ర లైటు అడిగిన ప్రశ్నని ఎవరూ వినలేదు. అందుకే ఈ పాఠం మనకి అవసరం అంటున్నాను.

బండి ఆగిపోతే ఏం చెయ్యాలి?

- ఇంజను ఆపించాలి. హ్యాండు బ్రేకు వేసి చక్రం వెనక రాయి పెట్టాలి. అందరూ దిగి రోడ్డు వారగా నిలబడాలి. చిన్నపిల్లల్ని బానెట్టు దగ్గరికి రానివ్వకూడదు.
- కనీసం అరగంట ఆగాలి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యనే కూడదు. విజిలు దిగని కుక్కర్ మూత ఎవరైనా తీస్తారా? ఒత్తిడి పోగానే నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి.
- కాలిపోతున్న ఇంజనులో చల్లటి నీళ్ళు గుమ్మరించకూడదు. ఇనుము ఒకచోట ఒక్కసారిగా ముడుచుకొని పగలవచ్చు. చల్లారాక కొద్దికొద్దిగా పొయ్యాలి.
- జడ, చున్నీ ఫ్యానుకి దూరంగా ఉండాలి. కొత్త బండ్లలో కరెంటు ఫ్యాను ఇంజను ఆపిన తరవాత కూడా తిరుగుతుంది.
- గెడ్డ నీళ్ళు ఆపదలో పర్వాలేదు. తరవాత వాటిని తీసేసి శుభ్రం చేసి, మంచి నీళ్ళలో కలిపిన కూలెంట్ పొయ్యాలి. కూలెంట్ తుప్పు పట్టనివ్వదు. కాని అది విషం, రుచి తియ్యగా ఉంటుంది. పిల్లలకీ కుక్కలకీ అందకుండా పెట్టాలి.

ఇది మగవాళ్ళ పని, మనకెందుకు అనుకోకండి. బానెట్టు ఎత్తటం మనకి రాకపోయినా, "ఎప్పుడు వేడెక్కుతోంది అన్నా? ఎర్ర లైటు వెలిగిందా? బెల్టు చూశారా?" అని అడగటం వస్తుంది. బండిలో నొప్పులతో ఉన్న మనిషి ఉన్నప్పుడు ఆ ప్రశ్న అడిగేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి.

చెప్పుకోండి చూద్దాం

1. సంతలో ఆగి ఉన్న జీపు వేడెక్కింది, రోడ్డెక్కి నడిచాక తగ్గింది. ముందు ఏది చూడాలి?
2. లంబసింగిలో నీళ్ళు 100 డిగ్రీల కంటే ముందే ఎందుకు మరుగుతాయి?
3. నీళ్ళు తగ్గుతున్నాయి, బయట కారటం లేదు. ఆయిలు ఎందుకు చూడాలి?

జవాబులు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి 9వ తరగతి లీడరు అక్కకి ఇవ్వండి. సరైనవి వచ్చే నెల గోడ పత్రికలో రాస్తాం.