ఊరు మారితే ఆరు దిక్కులూ మారతాయి

ఉద్యోగం వచ్చిందని ఫోన్ రాగానే ఇంట్లో మిఠాయి పంచుకుంటాం. అదే రాత్రి ఇంకో మాట మొదలవుతుంది: "మరి ఎక్కడ ఉందాం?" నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చే మనవాళ్లకు సిటీ అంటే ముందు ఎల్బీ నగర్. బస్సు దిగగానే ఎవరో ఒక బంధువు "బడంగ్‌పేట్ దిక్కు చూడండి, మన బడ్జెట్‌లో దొరుకుతది" అంటాడు. చంకలో బిడ్డ, చేతిలో ఫోను, కళ్లు టులెట్ బోర్డుల మీద. ఇల్లు చూపించే ఆయన మొదట చెప్పేది ఒకటే: "ఈస్ట్ ఫేసింగ్ సార్, వాస్తు పక్కా."

ఇంటి ముఖం ఏ దిక్కుకు ఉందో ఆయనకు తెలుసు. ఆ ఇంట్లోకి వచ్చే మనుషులకు దిక్కెవరో ఆయన చెప్పలేడు. మనకు ఈ పాఠంలో కావలసింది ఆ రెండో దిక్కు.

సిగాలుడికి చెప్పిన మాట

రాజగృహంలో సిగాలుడు అనే యువ గృహస్థుడు ఉండేవాడు. రోజూ పొద్దున్నే తడిబట్టలతో, తడితలతో నిలబడి ఆరు దిక్కులకూ మొక్కేవాడు. ఎందుకని బుద్ధుడు అడిగితే, తండ్రి చనిపోతూ చెప్పాడు కాబట్టి చేస్తున్నానన్నాడు. బుద్ధుడు అతణ్ని ఎగతాళి చేయలేదు. దిక్కులంటే మనుషులు అని వివరించాడు. తూర్పు తల్లిదండ్రులు. దక్షిణం గురువులు. పడమర భార్యాపిల్లలు. ఉత్తరం మిత్రులు. కింది దిక్కు మన దగ్గర పనిచేసేవాళ్లు. పై దిక్కు శ్రమణులు, ధర్మ గురువులు. మొక్కడం అంటే వాళ్ల పట్ల మన బాధ్యత చేయడం. వాళ్లకూ మన పట్ల బాధ్యత ఉంటుంది. ఇదే సిగాలోవాద సుత్తం సారం.

ఇప్పుడు మీ ఇంటి సామాను ఎక్కించిన ఆటో ట్రాలీని గుర్తు చేసుకోండి. మంచం వచ్చింది, బియ్యం బస్తా వచ్చింది, గ్యాస్ పొయ్యి వచ్చింది. దిక్కులు మాత్రం ఊళ్లోనే ఉండిపోయాయి. కొత్త ఇంట్లో మొదటి నెల నిద్ర పట్టకపోవడానికి, చిన్న మాటకే ఇంట్లో గొడవ రావడానికి ఇదే మూలం. మీలో లోపం ఉండి కాదు. ఒక్క రోజులో ఆరు దిక్కులూ కదిలిపోతే ఏ మనిషికైనా తల తిరుగుతుంది. దుఃఖం ఉంది అని ఒప్పుకోవడమే మొదటి ఆర్యసత్యం.

బాబాసాహెబ్ ఇంట్లోనూ ఇదే కథ

1901లో బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీకి కోరేగావ్‌లో క్యాషియర్ ఉద్యోగం. పిల్లలు సతారాలో ఉండేవాళ్లు. తల్లి అప్పటికే లేదు. వేసవి సెలవులకు రమ్మని తండ్రి రాస్తే, పిల్లలు కొత్త బట్టలు వేసుకుని సంబరంగా రైలెక్కారు. మసూర్ స్టేషన్‌లో దిగాక తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వస్తున్నామని రాసిన ఉత్తరం నౌకరు తప్పిదం వల్ల తండ్రికి అందనే లేదు. వీళ్లు మహర్లని తెలిసి బండివాళ్లు ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటూ పోయారు. దగ్గర తిండి ఉంది, తాగడానికి నీళ్లిచ్చేవాళ్లు లేరు. ఒక ఉత్తరం అందకపోతే చిన్నపిల్లలకు ఏమవుతుందో చూడండి.

1917లో ఆయనే ఉద్యోగం కోసం ఊరు మారారు. బరోడా మహారాజు సాయాజీరావు సాయంతో కొలంబియాలో చదివి, లండన్ చదువు మధ్యలో ఆపి, ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో చేరడానికి వెళ్లారు. భార్య రమాబాయి, పసివాడు యశ్వంత్ బొంబాయిలో ఉన్నారు. ఉద్యోగం ఉంది, తలదాచుకోవడానికి గది లేదు. ఒక పార్సీ సత్రంలో, పార్సీ పేరు పెట్టుకుని దిగవలసి వచ్చింది. పనికిరాని సామాను నిండిన పెద్ద హాలు, రాత్రికి ఒక లాంతరు, పలకరించే మనిషి లేడు. 11వ రోజు కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి ఖాళీ చేయమంది. ఇద్దరు స్నేహితులను ఆశ్రయం అడిగారు. ఒకరు నౌకర్లు వెళ్లిపోతారన్నారు, ఇంకొకరు భార్య ఒప్పుకోదన్నట్టు చెప్పారు. కమాఠీ బాగ్ తోటలో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి తిరిగి వచ్చేశారు. ఈ రెండు అనుభవాలూ ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో స్వయంగా రాశారు.

అంత చదువు, అంత తెలివి ఉన్న మనిషికి బరోడాలో లేనిది ఏమిటి? ఉత్తర దిక్కు. తలుపు తీసే ఒక్క మిత్రుడు. అందుకే మనం సామాను సర్దుకోవడంతో సరిపెట్టుకోకుండా దిక్కులు కూడా సర్దుకోవాలి.

బడంగ్‌పేట్‌లో ఆరు దిక్కులు

పడమరతో మొదలుపెడదాం, ఎక్కువ దెబ్బ తగిలేది అక్కడే. ఆఫీసు మాదాపూర్‌లో అనుకోండి. పొద్దున్నే ఎల్బీ నగర్ చేరి మెట్రో ఎక్కాలి, అమీర్‌పేట్‌లో మారాలి, రాయదుర్గం లైను పట్టుకోవాలి. రోజుకు రెండు మూడు గంటలు దారిలోనే. ఇంటికి వచ్చేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది. ఆయనకు ఆఫీసులో కొత్త మనుషులు దొరికారు. ఆమెకు ఉన్న వాడకట్టు పోయింది. ఉప్పు అడగడానికి పక్కిల్లు లేదు, నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియదు. "నీకేం, ఇంట్లోనే కదా" అన్న మాట ఇక్కడే పుట్టి ఇక్కడే గాయం చేస్తుంది. ఉద్యోగం ఆమెదైతే, వెంట వచ్చిన భర్త పరిస్థితీ ఇంతే. "ఏం చేస్తున్నవ్ అన్నా" అని అడిగితే చెప్పుకోలేక తల దించుకుంటాడు. భార్యను గౌరవించాలి, ఇంటి అధికారం ఆమె చేతిలో పెట్టాలి అని బుద్ధుడు సిగాలుడికి చెప్పాడు. ఈనాటి లెక్కలో దాని అర్థం ఇది: ఇల్లు, బడి, అడ్వాన్సు విషయాలు ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. వెంట వచ్చినవాళ్ల నష్టాన్ని నష్టమని నోరు తెరిచి ఒప్పుకోవాలి.

తూర్పు ఊళ్లో ఉండిపోయింది. "మేం మంచిగనే ఉన్నం, నువ్వు పని చూసుకో బిడ్డా" అని నాయిన అంటాడు. ఆ మాట విని ఊరుకోవద్దు. బీపీ మాత్రలు ఎవరు తెచ్చిస్తున్నారు, దవాఖానకు ఎవరు తీసుకెళ్తారు అని అడగండి. రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి. ఐదు నిమిషాలైనా చాలు.

దక్షిణం అంటే బడి. టీసీ, బోనఫైడ్, కుల ధ్రువపత్రం ఊరు వదలకముందే తీసుకోండి. మొదటి వారంలోనే క్లాస్ టీచర్‌ను కలిసి, బిడ్డ ఊరు మారి వచ్చిందని చెప్పండి. మాట్లాడని పిల్లను మొద్దు అనుకోకుండా ఉంటారు. ఇంకో భయం మనలో చాలామందికి ఉంది: దరఖాస్తులో మతం దగ్గర బౌద్ధం అని రాస్తే రిజర్వేషన్ పోతుందేమోనని. ఎస్సీల జాబితాకు సంబంధించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును 1990లో సవరించారు. అప్పటి నుంచి బౌద్ధం స్వీకరించిన ఎస్సీలు ఎస్సీలుగానే ఉంటారు. భయంతో మతం దాచుకోవలసిన పని లేదు.

ఉత్తరం, మిత్రులు. దీన్ని పిలవకపోతే రాదు. చుట్టుపక్కల బాలాపూర్, మీర్‌పేట్, కర్మన్‌ఘాట్ కాలనీల్లో అంబేడ్కర్ విగ్రహం ఎక్కడుందో కనుక్కోండి. ఏప్రిల్ 14న దానికి దండ వేసేవాళ్లెవరో అడగండి. మీ మిత్రులు అక్కడే దొరుకుతారు. మంచి మిత్రుల సాంగత్యం గృహస్థుడి సుఖానికి ఒక మూలమని వ్యగ్ఘపజ్జుడికీ బుద్ధుడు చెప్పాడు. ఉద్యోగంలో శ్రద్ధ, సంపాదించినదాన్ని కాపాడుకోవడం, ఆదాయానికి తగ్గ ఖర్చు మిగతా మూడూ. కొత్త జీతం చూసి కొత్త ఫ్రిజ్‌కు, కొత్త బండికి ఒకేసారి కిస్తీలు పెట్టుకునే ముందు ఈ నాలుగో మాట గుర్తు చేసుకోండి.

కింది దిక్కు. సామాను మోసిన హమాలీ, చెత్త బండి అన్న, మెట్లు కడిగే అక్క. పేరు అడగండి, "అన్నా", "అక్కా" అనండి, బేరమాడి కూలి కోయకండి. వాళ్లలో ఎందరో మనవాళ్లే.

పై దిక్కు. సికింద్రాబాద్ మహేంద్ర హిల్స్‌లో మహాబోధి బుద్ధ విహారం ఉంది. బడంగ్‌పేట్‌కు దూరమే. అయినా పౌర్ణమికో, బుద్ధ జయంతికో పిల్లలను తీసుకుని ఒకసారి వెళ్లి రండి. సిటీలో తమకూ ఒక చోటు ఉందని వాళ్లకు తెలుస్తుంది.

"మీరేంటోళ్లు?"

ఇల్లు నచ్చింది, అద్దె కుదిరింది, అప్పుడు ఇంటావిడ అడుగుతుంది: "మీరేంటోళ్లు?" పిల్లలు మీ ముఖం చూస్తుంటారు. ఊరు మారే మిగతా కుటుంబాలకు లేని బరువు మనకు ఇదే.

సమ్యక్ వాక్కు ఏం చెబుతుంది? అబద్ధం ఆడవద్దంటుంది. ప్రతి ప్రశ్నకూ జవాబు ఇవ్వాలని మాత్రం అనదు. "మేం బౌద్ధులమమ్మా" అన్నది నిజమైన జవాబు. "అద్దె ఒకటో తారీఖుకు ఇస్తాం, ఇల్లు శుభ్రంగా ఉంచుతాం, అంతకు మించి అడగకండి" అన్నదీ నిజమే. ఇల్లు పోవచ్చు. పోతుంది కూడా. ఆ రాత్రి మీ ఇంట్లో కోపం, అవమానం రెండూ ఉంటాయి. వాటిని మనసులో తొక్కిపెట్టకండి, ఒకరితో ఒకరు చెప్పుకోండి.

తప్పనిసరై ఎవరైనా మౌనంగా ఉండిపోతే వాళ్లను తప్పుపట్టకండి. బాబాసాహెబ్ అంతటి వారికే వేరే పేరు పెట్టుకోక తప్పలేదు. ఆ బాధనే ఆయన తర్వాత బహిరంగంగా రాసి, లోకం ముందు సాక్ష్యంగా నిలబెట్టారు. ఒక్క జాగ్రత్త మాత్రం పాటించండి. "ఎవరడిగినా ఫలానా కులమని చెప్పు" అని పిల్లలకు అబద్ధం నేర్పవద్దు. "నువ్వు చెప్పాల్సిన పని లేదు, ఎవరైనా గట్టిగా అడిగితే ఇంటికొచ్చి మాకు చెప్పు" అనండి. మొదటి మాట బిడ్డకు సిగ్గు నేర్పుతుంది. రెండోది ఇల్లు తన వెనక ఉందని చెబుతుంది.

కొత్త ఇంట్లో మొదటి మేకు దేనికి కొడతారు? క్యాలెండర్‌కా, అద్దానికా? బుద్ధుడు, బాబాసాహెబ్ పటాలు అట్టపెట్టెలో ఎన్నాళ్లు ఉంటే, మీరూ అన్నాళ్లు అట్టపెట్టెలోనే ఉన్నట్టు.

ఈ వారం సాధన

1. ఒక కాగితం మీద ఆరు దిక్కులు గీయండి. ప్రతి దిక్కు దగ్గర కొత్త ఊళ్లో ఒక మనిషి పేరు రాయండి. ఖాళీగా ఉన్న దిక్కే ఈ నెల మీ పని.

2. పటాల ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని త్రిశరణాలు, పంచశీల చెప్పండి. గృహప్రవేశానికి అది చాలు.

3. పది నిమిషాలు శ్వాస మీద ధ్యాస పెట్టండి. తర్వాత ఒక్కొక్కరు "ఇక్కడికి వచ్చాక నాకు కష్టంగా ఉన్నది" అంటూ ఒక్క విషయం చెప్పాలి. పిల్లలు ముందు. ఎవరూ అడ్డు చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు.

కలిసి చర్చించడానికి

మీరు ఊరు మారినప్పుడు మొదట తలుపు తీసిన మనిషి ఎవరు? మీ కాలనీకి ఈ నెల కొత్తగా వచ్చిన మన కుటుంబం ఉందా? వాళ్ల తలుపు మీరు తట్టారా?

ఈ చివరి ప్రశ్న ఇప్పటికే స్థిరపడినవాళ్లకు. బరోడాలో ఒక్క తలుపు తెరుచుకుని ఉంటే ఆ సాయంత్రం తోటలో ఒంటరిగా గడిచేది కాదు. బడంగ్‌పేట్‌లో ఆ తలుపు మీది. కొత్తగా వచ్చినవాళ్ల ఇంటికి ఒక బిందె నీళ్లు, ఒక గిన్నె కూర పట్టుకెళ్లండి. వాళ్లకు ఉత్తర దిక్కు దొరుకుతుంది.

నమో బుద్ధాయ. జై భీమ్.