ఊరకుక్క పిల్లను ఇంటికి ఎప్పుడు తేవాలి?

సంక్రాంతి సెలవుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో కుక్కపిల్లలు చాలా కనిపిస్తాయి. కళ్ళంలో గడ్డివాము కింద, పాకల వెనుక నాలుగైదు పిల్లలు ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతుంటాయి. వాటిలో ఒకదాన్ని పెంచుకోవాలని మీకు అనిపించవచ్చు. తప్పకుండా పెంచుకోండి. కాని ఆ రోజే ఎత్తుకొని రాకండి! ఎందుకో, ఈలోగా మీరు చేయవలసిన పనులేమిటో తెలుసుకుందాం.

ఊరకుక్క ఏ జాతి?

ఊరకుక్కను ఏ జాతికీ చెందనిదిగా చాలామంది చిన్నచూపు చూస్తారు. శాస్త్రజ్ఞులు మాత్రం దాన్ని ఆదిమ కుక్కల కోవలో చేరుస్తారు. ఆదిమ అంటే తెలివి తక్కువదని అర్థం కాదు. అల్సేషియన్, పొమరేనియన్ వంటి జాతులను మనుషులే తయారుచేశారు. తమకు నచ్చిన లక్షణాలున్న కుక్కలను ఏరి, తరతరాలుగా వాటినే జతపరిచారు. దీన్ని కృత్రిమ వరణం అంటారు. ఊరకుక్కను అలా ఎవరూ తయారుచేయలేదు. ఎండకు, వానకు, ఆకలికి, రోగాలకు తట్టుకున్నవి బతికి పిల్లల్ని కన్నాయి. తట్టుకోలేనివి పోయాయి. ఇది ప్రకృతి వరణం. పొట్టి వెంట్రుకలు, నిక్కపొడుచుకున్న చెవులు, పైకి వంగిన తోక, సన్నని నడుము దాని ఫలితమే. ఆఫ్రికాలోని కాంగో ప్రాంతానికి చెందిన బసెంజీ, ఆస్ట్రేలియాలోని డింగో కూడా ఆదిమ కుక్కలే.

2015లో వెలువడిన ఒక పరిశోధనలో 38 దేశాలకు చెందిన 549 ఊరకుక్కల జన్యువులను పరిశీలించారు. వాటిలో మన దేశపు కుక్కలు కూడా ఉన్నాయి. పేరున్న జాతి కుక్కలలో కనిపించనంత జన్యు వైవిధ్యం ఊరకుక్కలలో కనిపించింది.

చిత్తకార్తె లెక్క

చిత్తకార్తెలో కుక్కలు జతకడతాయని మన రైతులు చెబుతారు. ఇందులో నిజముంది. పట్టణాల్లో పెంచే చాలా జాతుల ఆడకుక్కలు సుమారు ఆరు నెలలకొకసారి ఎదకు వస్తాయి. వాటికి ఫలానా ఋతువని నియమం లేదు. బసెంజీ, డింగో, తోడేలు మాత్రం ఏడాదికొకసారే ఎదకు వస్తాయి. పశ్చిమ బెంగాల్‌లో ఊరకుక్కలను గమనించిన శాస్త్రజ్ఞులు కూడా అవి ఎక్కువగా వర్షాకాలం చివర జతకట్టి, చలికాలంలో ఈనుతాయని కనుగొన్నారు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. చిత్తకార్తె అక్టోబరు రెండో, మూడో వారాల్లో వస్తుంది. అక్టోబరు 15న జతకట్టిన కుక్క సుమారు 63 రోజులు చూలుతో ఉంటుంది. అంటే డిసెంబరు 17 ప్రాంతంలో ఈనుతుంది. పిల్లలు రెండు వారాలకు కళ్ళు తెరుస్తాయి. సంక్రాంతి నాటికి వాటి వయసు నాలుగు వారాలు మాత్రమే! ఎనిమిది వారాలు నిండేది ఫిబ్రవరి 11న. అరసవిల్లిలో రథసప్తమి ఉత్సవం సాధారణంగా అప్పటికి ముగిసి ఉంటుంది. పిల్లను తెచ్చుకోవలసింది అప్పుడే.

నాలుగు వారాలకే తెస్తే ఏమవుతుంది?

ఆ వయసులో దానికి తల్లిపాలు ఇంకా కావాలి. అంతేకాదు, అది అప్పుడే ఒక ముఖ్యమైన పాఠం నేర్చుకుంటుంది. ఆటలో తోటి పిల్లను గట్టిగా కొరికితే అది కుయ్యిమని ఆట మానేస్తుంది. తల్లిని కొరికితే గుర్రుమంటుంది. ఎంత గట్టిగా కొరకవచ్చో అలా తెలుస్తుంది. ఈ పాఠం పూర్తికాకుండా వచ్చిన పిల్ల మీ చేతిని గట్టిగా కొరికే అవకాశం ఎక్కువ.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. అమెరికా శాస్త్రజ్ఞులు స్కాట్, ఫుల్లర్ బసెంజీతో సహా ఐదు జాతుల కుక్కపిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించి, 1965లో తమ ఫలితాలను ప్రచురించారు. మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు చూసినవాటినే కుక్కపిల్ల సులువుగా నమ్ముతుందని తేల్చారు. బసెంజీ పిల్లలు ఐదు వారాల వయసులో మనిషిని చూసి అరిచి, పారిపోయి, కరవబోయాయి. రోజూ చేరదీస్తే మాత్రం త్వరగా మచ్చికయ్యాయి.

ఊరకుక్క పిల్లలు కూడా కొత్తవారికి బెదురుతాయి. అందుకే పిల్లను తల్లి దగ్గరే ఉంచండి, మీరే దాని దగ్గరకు వెళ్ళండి. సంక్రాంతి నుంచి రోజూ కాసేపు అక్కడ కూర్చోండి. తల్లికి అన్నం పెట్టే ఇంటి పెద్దవారు మీ వెంట ఉండాలి. తల్లి గుర్రుమంటే వెంటనే వెనక్కి వచ్చేయండి. తల్లి కొత్తగా ఉన్నా, జబ్బుగా ఉన్నా దగ్గరకు పోవద్దు.

ఇంట్లో ఏర్పాట్లు

గాలి, నీడ ఉన్న చోట పాత గోనెసంచి పరచండి. నీళ్ళకు బరువైన మట్టి మూకుడు పెడితే అది బోర్లపడదు. ఎలుకల మందు, పురుగుల మందు అందకుండా ఎత్తున పెట్టండి. నేలబావికి అడ్డు కట్టండి. మెత్తగా ఉడికిన అన్నంలో గుడ్డు గాని, ముల్లు తీసిన చేప గాని కలిపి రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. చోడి అంబలి కూడా ఇవ్వవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష కుక్కలకు విషం. ఉడికిన ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

టీకాలు

పిల్లను తెచ్చిన వారంలోనే పశువైద్యశాలకు తీసుకువెళ్ళండి. ముందు నట్టల మందు, తరువాత పార్వో, డిస్టెంపర్ వ్యాధులకు టీకా ఇస్తారు. ఒకే టీకా చాలదా అని మీరు అడగవచ్చు. తల్లి మొదటి పాలతో వచ్చిన ప్రతిరక్షకాలు పిల్ల రక్తంలో కొన్ని వారాలు ఉంటాయి. అవి టీకాను కూడా పనిచేయనివ్వవు. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గిపోతాయో చెప్పలేం. అందువల్ల 16 వారాల వయసు వరకు మూడు నాలుగు వారాలకొకసారి టీకా వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, అంటే మన లెక్క ప్రకారం మార్చి మూడో వారంలో వేయించాలి. ఏడాదికి మళ్ళీ వేయించాలి.

మీ పిల్ల అయినా, వీధికుక్క అయినా కరిస్తే, గీరితే దాచకండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. కారం, పసరు, సున్నం పెట్టవద్దు. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచే రోజులు పోయాయి. ఇప్పుడు టీకాను చేతికే నాలుగైదు విడతలుగా ఇస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందే, సకాలంలో చికిత్స పొందితే ప్రాణాపాయం తప్పుతుంది.

చివరి ప్రశ్న

ఊరకుక్క పదేళ్ళకు పైగా బతకగలదు. పదో తరగతి అయ్యాక మీరు చదువుకు విజయనగరమో, విశాఖపట్నమో వెళ్ళవచ్చు. అప్పుడు దానికి అన్నం ఎవరు పెడతారు? టీకా ఎవరు వేయిస్తారు? పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స ఎవరు చేయిస్తారు? ఇంట్లో అమ్మానాన్నలను, తాతయ్యను కూర్చోబెట్టి ఈ మూడు ప్రశ్నలు అడగండి. ప్రతి ప్రశ్నకు ఎదురుగా ఒకరి పేరు రాయగలిగితేనే పిల్లను తెచ్చుకోండి.